ఏడున్నర భోజనం

పొద్దున్నే పాల ప్యాకెట్టు కత్తిరిస్తూ ఉండగా రమాసుందరికి తేన్పు వచ్చింది. రాత్రి తిన్న పులుసు గొంతుదాకా ఎగదన్ని, అక్కడే నిలబడి మండింది. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేసి, గుండెల మీద అరచేత్తో రుద్దుకుంటూ స్టవ్వు వెలిగించింది. పటమటలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో చాలాకాలంగా తెల్లవారడమంటే ఇదే.

హాల్లో భర్త అచ్యుతరామారావు పేపరు చదువుతున్నాడు.

"మళ్ళీ మంటేనా?" అన్నాడు, పేపరు దించకుండానే.

"కాస్త."

"పరగడుపున బిళ్ళ వేసుకున్నావా?"

"వేసుకున్నానండీ. పనిచెయ్యట్లేదు."

"సరే, వచ్చేటప్పుడు వేరేది తెస్తాలే."

అయిపోయింది వైద్యం! సూర్యారావుపేటలో ఆయనకి మందుల షాపుంది. చుట్టూ ఆస్పత్రులే. గుండెల్లో మంట అంటూ వచ్చినవాళ్ళకి ఆయన ఉత్తి మందు ఇచ్చి పంపడు. "రాత్రి ఏడున్నరకల్లా తినేయాలండీ. తిన్న వెంటనే నడుం వాల్చకూడదు. కడుపులోది కిందికి దిగడానికి టైమివ్వాలి కదండీ, లేకపోతే పైకి తన్నదూ!" అని ఓపిగ్గా చెప్పి మరీ పంపుతాడు. ఊళ్ళోవాళ్ళ కడుపుల మీద అంత జాలి ఉన్న మనిషి, సొంత పెళ్ళాం ఎన్నింటికి తింటోందని ఒక్కనాడైనా ఆలోచిస్తే ఒట్టు. ఆలోచించడానికేముంది, ఎదురుగా కూర్చుని తినేది ఆయనే కదా!

పేటలో డాక్టర్లు రాత్రి పదిదాకా పేషెంట్లని చూస్తూనే ఉంటారు. ఆఖరి మనిషి ఆఖరి చీటీ పట్టుకుని వచ్చేదాకా అచ్యుతరామారావు షట్టరు దించడు. "నా మెట్టెక్కినవాణ్ణి నిలబెట్టకూడదు" అన్నది ఆయన పట్టుదల. ఫార్మసీ చదువుకున్న మరియదాసు పక్కనే ఉన్నా, కౌంటరు మాత్రం ఎవరికీ వదలడు. చిన్నప్పుడు కూతురు స్కూల్లో ప్రైజు తీసుకున్న రోజున ఈయన వెళ్ళేసరికి అక్కడ కుర్చీలు ఎత్తేస్తున్నారు. అన్నీ ముగించుకుని ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. అప్పుడు కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుంటాడు. అప్పటిదాకా రమాసుందరి మెతుకు ముట్టదు.

ఆగమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో గాంధీనగరంలో ఒంటిగది ఇంట్లో ఉండేవాళ్ళు. ఆయన వస్తూనే, ఆవేళ షాపుకొచ్చిన జనాన్ని ఒక్కొక్కళ్ళనీ నటించి చూపించేవాడు. దగ్గుమందు ఇంకా ఘాటుగా ఉండాలని పట్టుబట్టిన ముసలాయన, మొగుడికి తెలియకుండా మొగుడి గురకకి మందడిగిన ఇల్లాలు, అందరూ ఆ గదిలోకి వచ్చేసేవాళ్ళు. ముద్ద నోట్లో ఉండగానే నవ్వి నవ్వి ఆవిడకి పొరబోయేది. ఆయనే నెత్తిమీద తట్టి నీళ్ళు తాగించేవాడు. ఆ నవ్వుల కోసమే ఆవిడ తినకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. నవ్వులు ఎప్పుడు పోయాయో తెలియదు. ఆవిడ కూర్చోవడం మాత్రం మానలేదు.

ఇప్పుడు ఆయన ఎడమచేతిలో ఫోను ఉంటుంది. కుడిచెయ్యి దానంతటదే ముద్దలు కలుపుతుంది. ఒకసారి ఉక్రోషం పట్టలేక దొండకాయ కూర ఉప్పు వెయ్యకుండా వండి వడ్డించింది.

"కూరెలా ఉందండీ?"

"బావుంది" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండా. మారు వేయించుకుని మరీ తిన్నాడు. ఆవిడకి మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

అయినా సరే, ఆ కాసేపే ఆవిడకి సంసారం. కూతురు జ్ఞానేశ్వరి మైలవరంలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. రెండు వారాలకోసారి వస్తుంది. పగలంతా ఇంట్లో కుక్కరు కూత, టీవీ వాగుడు తప్ప మరో శబ్దం లేదు. ఫోను చూసుకుంటేనేం, నోరు విప్పకపోతేనేం, ఎదురుగా ఒక మనిషి కూర్చుని తింటున్నాడు కదా అనుకునేది. తిన్నాక ఆయన మంచమెక్కి వెంటనే గురక పెట్టేవాడు. ఆవిడా పక్కనే వాలేది. వాలిన కాసేపటికే తిన్నదంతా పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. లేచి, దిండు గోడకి ఆనించుకుని, తెల్లారేదాకా కూర్చునే కునికిపాట్లు పడేది. పక్కనున్న మనిషిని లేపడానికి మనసొప్పేది కాదు.

అలా గడుస్తుండగా ఒక ఆదివారం, జ్ఞానేశ్వరి ఇంట్లో ఉన్నప్పుడే, కూర తరుగుతున్న రమాసుందరి గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమటలు. గుండెపోటే అనుకుని పిల్ల హడలిపోయి ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తించింది. ఈసీజీ తీశారు. గుండె నిక్షేపంగా ఉందన్నారు. మర్నాడు కడుపు జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

"రాత్రి భోజనం ఎన్నింటికి చేస్తారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

రమాసుందరికి ఎందుకడుగుతోందో తెలుసు. మందుల షాపాయన భార్యకి ఆ మాత్రం తెలియదా! నిజం చెబితే పెందలాడే తినమంటుంది. పెందలాడే తినేస్తే, ఆయన వచ్చాక కంచం ముందు కూర్చోడానికి వంక ఏది?

"ఎనిమిదికల్లా తినేస్తానండీ" అంది.

జ్ఞానేశ్వరి చప్పున తల తిప్పి చూసింది. "నిజంగానా అమ్మా? నాన్న కోసం ఆగట్లేదా?"

"అదెప్పుడో మానేశానే" అంది రమాసుందరి, కొంగు సర్దుకుంటూ.

డాక్టరమ్మ నమ్మింది. మందు పెంచింది. కాఫీ, పులుపు, వేపుళ్ళు మానమంది. ఆవిడ దాదాపు అన్నీ మానేసింది, పదకొండింటి భోజనం తప్ప. మంట తగ్గలేదు సరికదా, గొంతు బొంగురుపోయింది. ముద్ద మింగుతుంటే ఎక్కడో అడ్డం పడుతున్నట్టు ఉండసాగింది. చివరికి గొంతులోంచి గొట్టం వేసి చూశారు.

"అన్నం దిగే దారంతా ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయమ్మా" అంది డాక్టరమ్మ నొసలు ముడిచి. "వేళకి తింటున్నానంటున్నారు, మందులు వేసుకుంటున్నానంటున్నారు. మరెందుకు తగ్గట్లేదో నాకు అర్థం కావట్లేదు. దీన్ని ఇలా వదిలేస్తే పెద్ద జబ్బుకి దారితీయొచ్చు. ఒక నెల చూసి, మళ్ళీ గొట్టం వేసి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకి పంపుదాం."

ముక్క తీయడం దేనికో కూడా రమాసుందరికి తెలుసు. ఇంటికొచ్చే దారిలో కూతురు ఆమె చెయ్యి వదల్లేదు. అప్పటికైనా నిజం చెప్పేద్దామనిపించింది. నోటిదాకా వచ్చిన మాటని మళ్ళీ లోపలికి తోసేసింది. అదేం మొండితనమో ఆవిడకే తెలియదు.

కానీ దొంగతనం ఎన్నాళ్ళు దాగుతుంది? కూతురు వచ్చిన శనివారాల్లో ఆవిడ ఎనిమిదింటికి పిల్లతోపాటు నాలుగు మెతుకులు కతికి "చాల్లే" అని లేచేది. పిల్ల పడుకున్నాక తండ్రితో అసలు భోజనం. ఒక శనివారం మంచినీళ్ళకని లేచి వచ్చిన జ్ఞానేశ్వరికి, గోంగూర కలుపుకుని తింటున్న తల్లి, ఫోనులో మునిగి ఉన్న తండ్రి కనబడ్డారు. ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయింది. తెల్లారాక చూడాలి ఆ పిల్ల ముఖం!

"నాన్నా, ముందు ఆ పేపరు కింద పెట్టండి" అంది, కాఫీ గ్లాసు టీపాయ్ మీద ఠంగున పెట్టి.

"ఏమైందే?"

"అమ్మ రాత్రిళ్ళు ఎన్నింటికి తింటోందో మీకు తెలుసా?"

"నాతోపాటే. ఎప్పుడూ అంతేగా."

"ఎప్పుడూ అంతేనట! షాపులో ఊరందరికీ ఏడున్నరకల్లా తినండని చెప్తారే, ఆ మాట ఇంట్లో చెప్పడానికి మీకు నోరు రాలేదా? ఎనిమిదికే తింటున్నానని డాక్టరుగారితో అబద్ధమాడింది అమ్మ. ఆవిడ అది నమ్మి మందు పెంచుకుంటూ పోతోంది. ముక్క తీయాల్సి రావచ్చన్నారు, అదైనా మీ చెవిన పడిందా?"

అచ్యుతరామారావు ముఖం పాలిపోయింది. భార్యవైపు తిరిగాడు. భయం వేస్తే ఆయనకి కోపం వస్తుంది, అదో జబ్బు.

"బుద్ధుందా నీకు? డాక్టరు దగ్గర అబద్ధం చెప్తావా? నేనెప్పుడైనా ఆగమన్నానా నిన్ను? ఒక్కసారన్నా అన్నానా?"

"అనలేదు."

"మరి ఎవరికోసం ఈ ఉపవాసాలు?"

రమాసుందరి వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది. ఎన్నాళ్ళనుంచో లోపల అణిచిపెట్టుకున్న మాటలు ఆవిడ ప్రమేయం లేకుండానే బయటికొచ్చాయి.

"నాకోసమేనండీ. పొద్దున పేపరుతో ఉంటారు. పగలంతా షాపులో ఉంటారు. రాత్రి కూడా నేను ముందే తినేసి పడుకుంటే, ఇంక మీరూ నేనూ ఎదురుపడేదెప్పుడు? మంటదేముంది, బిళ్ళ వేసుకుంటే సరిపోతుందనుకున్నా. ఒక్కదాన్నే కూర్చుని తినడానికి బిళ్ళ లేదు కదండీ మీ షాపులో!"

"అమ్మా..." అంటూ జ్ఞానేశ్వరి వచ్చి భుజం పట్టుకుంది. అచ్యుతరామారావు సోఫాలో అలాగే కూర్చుండిపోయాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నాకు ఆ వేళకి ఆకలుండదు సుందరీ. సాయంత్రమే బండిమీంచి పునుగులో ఇడ్లీయో తెప్పించుకుని, కౌంటరు దగ్గర నిలబడే తినేస్తాను. ఎన్నో ఏళ్ళుగా ఇంతే. ఇంటికొచ్చేసరికి నువ్వు తినకుండా కూర్చుని ఉంటావు. వద్దంటే నువ్వూ మానేస్తావని బలవంతాన కూరుకుంటున్నా." చొక్కా జేబులోంచి బిళ్ళల అట్ట తీసి టీపాయ్ మీద పెట్టాడు. రోజూ ఆవిడకి తెచ్చే బిళ్ళలే. "నాకూ మంటే. కంగారుపడతావని చెప్పలేదు."

చూసేవాళ్ళకి ఇది ముచ్చటగా ఉండొచ్చు. రమాసుందరి మాత్రం ఆ అట్ట తీసుకుని, ఎన్ని బిళ్ళలు ఖాళీ అయ్యాయో చూసింది. ఏ కాసేపైతే తన సంసారమనుకుని బతుకుతోందో, ఆ కాసేపటిని ఆయన బిళ్ళ వేసుకుని మరీ భరిస్తున్నాడన్నమాట!

"అయితే ఇన్నేళ్ళూ నేను ఎవరితో కలిసి తిన్నట్టండీ?" అంది.

ఆయన గోడ గడియారం వంక చూశాడు. షాపుకి టైమైంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మైలవరం బస్సెక్కే ముందు జ్ఞానేశ్వరి, తల ఎత్తులో ఉండాలని, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించింది. డాక్టరమ్మకి ఫోను చేసి నిజం చెప్పింది. వేళకి తింటానని తల్లిచేత ఒట్టు వేయించుకుంది. రమాసుందరి ఆ ఒట్టు తప్పలేదు.

మంట తగ్గింది. నిజంగానే తగ్గింది. తేన్పులు ఆగాయి, గొంతు తేటపడింది, తెల్లారేదాకా ఒళ్ళెరగని నిద్ర పట్టసాగింది. కానీ ఆ ఏడున్నర భోజనం ఉందే, అది పగవాళ్ళకి కూడా వద్దు! మొదట్లో బల్ల దగ్గరే కూర్చుని తింది. ఎదురుగా ఖాళీ కుర్చీని చూడలేక టీవీ ముందుకి మారింది. అదీ చేతకాక, స్టవ్వు పక్కన నిలబడి గిన్నెలోనే కలుపుకుని, నాలుగు ముద్దలు మింగి గిన్నె కడిగేసేది. ఆయన తాళంచెవితో తలుపు తీసుకుని ఎప్పుడొచ్చేవాడో తెలియదు. పొద్దున చూస్తే బల్ల మీద మూతపెట్టిన అన్నం మూతపెట్టినట్టే ఉండేది.

"తినలేదేమండీ?"

"ఆకలి లేదు."

"మజ్జిగైనా తాగాల్సింది."

"ఊఁ."

ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు పరాయివాళ్ళలా అయిపోయారు. మంట ఉన్న రోజులే నయం, ఆ వంకనైనా బిళ్ళ వేసుకున్నావా అని అడిగేవాడు అనిపించింది ఆవిడకి. అలా అనిపించినందుకు తన మీద తనకే ఏడుపొచ్చింది.

మళ్ళీ గొట్టం వేయించుకోవలసిన రోజు వచ్చింది. బ్యాంకులో ఆడిట్ ఉండి జ్ఞానేశ్వరి రాలేకపోయింది.

"నేను రానా?" అన్నాడు అచ్యుతరామారావు, చెప్పులేసుకుంటూ.

"అక్కర్లేదులెండి. మీ మెట్టెక్కినవాళ్ళు నిలబడిపోతారు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది.

"పుండ్లు మానిపోతున్నాయమ్మా. ముక్క తీయాల్సిన పనే లేదు" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "ఇంటికెళ్ళి మంచి కబురు చెప్పండి."

రమాసుందరి ఇంటికొచ్చింది. తాళం తీసింది. ఎవరికి చెబుతుంది? కూతురు ఫోనులో విని "హమ్మయ్య" అని ఏడ్చినంత పని చేసి, మేనేజరు పిలుస్తున్నారని పెట్టేసింది. తర్వాత భర్తకి చేసింది. "తగ్గిందన్నారండీ" అనేలోపే అవతల ఎవరో టానిక్ అడుగుతున్నారు. "కౌంటర్లో ఉన్నాను, మళ్ళీ చేస్తా" అన్నాడు. మళ్ళీ చెయ్యలేదు.

పొద్దువాలింది. పాలు పోసి బీరకాయ కూర వండింది. బల్ల మీద కంచం పెట్టి వడ్డించబోతూ చూసుకుంటే, రెండు కంచాలున్నాయి! చేతి అలవాటుకొద్దీ రెండోది కూడా పెట్టేసింది. ఆ ఖాళీ కంచం వంక చూస్తూ కుర్చీలో కూర్చుండిపోయింది. ఈసారి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఏం మనుషులం మనం? ఆయన అక్కడ నిలబడి పునుగులు మింగుతాడు. నేనిక్కడ నిలబడి అన్నం మింగుతాను. మధ్యలో ఉన్నది ఆటో ఎక్కితే పట్టుమని పావుగంట దారి! ఆ దారి దాటి వెళ్ళాలని ఇన్నేళ్ళలో నాకు తట్టలేదే!

అటకమీంచి క్యారేజీ దింపి కడిగింది. అన్నం, కూర, పెరుగు సర్దింది. లిఫ్టు దగ్గర పక్కింటి షహనాజ్ ఎదురైంది.

"ఏంటాంటీ, ఈ వేళప్పుడు క్యారేజీ? ఆస్పత్రిలో ఎవరున్నారు?" అంది కంగారుగా.

"ఎవరూ లేరమ్మా. అంకుల్‌కి."

"అయ్యో, అంకుల్‌కేమైంది?"

"ఏం కాలేదే తల్లీ! మనిషన్నాక ఆకలెయ్యదూ?"

షహనాజ్ పకపకా నవ్వి, "వెళ్ళండి వెళ్ళండి, చల్లారిపోతుంది" అంటూ లిఫ్టు తలుపు పట్టుకుంది.

షాపు ముందు జనం మూగి ఉన్నారు. దసరా పూజకి తప్ప రమాసుందరి ఎప్పుడూ ఆ మెట్టెక్కలేదు. పక్కనుంచి లోపలికి వెళ్ళొచ్చు. ఎందుకో చొరవ చాల్లేదు. క్యారేజీ పట్టుకుని జనంలోనే నిలబడింది. కౌంటరు వెనక భర్త వంచిన తల ఎత్తకుండా చీటీలు చదువుతున్నాడు. చొక్కా చెమటకి వీపుకంటుకుపోయింది. కళ్ళకింద వాపు. ఈ మనిషి ఇంత పెద్దవాడైపోయాడెప్పుడు అనిపించింది. పక్కనే విప్పని పునుగుల పొట్లం నూనె కారుతూ పడుంది.

"గుండెల్లో మంటండీ, మంచి బిళ్ళేదన్నా ఇవ్వండి" అన్నాడు ఆవిడ ముందున్న మనిషి.

"రాత్రి ఏడున్నరకల్లా..." అని మొదలుపెట్టి అచ్యుతరామారావు ఆగిపోయాడు. బిళ్ళలు కవర్లో వేసి ఇచ్చేశాడు. ఆ మనిషి పక్కకి తప్పుకున్నాడు.

"మీకేం కావాలండీ?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"భోజనం వేళయిందండీ" అంది రమాసుందరి.

చీటీలు సర్దుతున్న చెయ్యి ఆగిపోయింది. తలెత్తి ఆవిడని చూశాడు, క్యారేజీని చూశాడు.

"ఒక్కదానివే వచ్చావా?"

"మరెవరితో రమ్మంటారు?"

"సార్, కాస్త తొందరగా ఇవ్వండి" అంటూ వెనకనించి ఒకాయన ఆవిడ భుజం మీదుగా చీటీ చాపాడు. రమాసుందరి క్యారేజీని రెండు చేతులా పట్టుకుంది. ఏమంటాడో తెలుసు. నువ్వు లోపల కూర్చో, వస్తాను అంటాడు. ఆ రావడం పదింటికి.

అచ్యుతరామారావు ఆ చీటీ వంక చూశాడు. భార్య వంక చూశాడు. కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"మరియదాసూ, నువ్వు చూడు."

మరియదాసు బిత్తరపోయాడు. "నేనా సార్?"

"నువ్వే. చదువుకున్నావుగా!" ఆ చీటీ మనిషితో నెమ్మదిగా, "ఈయన ఇస్తారండీ. మా ఆవిడా నేనూ భోంచేసి వస్తాం" అన్నాడు.

అల్మారాల వెనక రెండు అట్టపెట్టెలు బోర్లించి కూర్చున్నారు. మూడోదాని మీద క్యారేజీ విప్పింది. మూతల్లోనే వడ్డించింది. ఆయన జేబులో ఫోను మోగింది. చూడకుండానే నొక్కేసి, టానిక్ సీసాల వెనక్కి తోసేశాడు.

"డాక్టరమ్మ ఏమందో అడగడానికి నేను మళ్ళీ చెయ్యనేలేదు" అన్నాడు తల దించుకుని. "చెయ్యి ఫోను మీదికి పోయింది. ఏం వినాల్సొస్తుందోనని భయమేసింది."

"ముక్క తీయక్కర్లేదట. మానిపోతోందట."

ఆయన చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నొసలు ముడిచాడు.

"సుందరీ, బీరకాయలో ఉప్పు తక్కువైనట్టుందే?"

వేసిందో లేదో ఆవిడకే గుర్తులేదు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని చూసింది. నిజమే, చప్పగా ఉంది. అంతే, ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారిపోయాయి.

"అరె, అంత మాత్రానికే ఏడుస్తావేంటి? బానే ఉంది. మళ్ళీ మంటగా ఉందా ఏంటి?"

"లేదండీ. ఉప్పు తక్కువైంది. నిజంగానే తక్కువైంది" అంది ఆవిడ, ఏడుస్తూనే.

ఆయనకేమీ అర్థం కాలేదు. అటూ ఇటూ చూశాడు. "ఈ షాపులో ఉప్పంటూ ఉంటే ఓఆర్ఎస్ ప్యాకెట్లలోనే ఉండాలి. ఒకటి చింపమంటావా?"

ముద్ద నోట్లో పెట్టుకుంటున్న రమాసుందరికి నవ్వు తన్నుకొచ్చింది. పొరబోయింది. అచ్యుతరామారావు గబుక్కున లేచి, ఎడంచేత్తో ఆవిడ నెత్తిమీద తడుతూ, నీళ్ళ సీసా మూత పళ్ళతో తీశాడు.